అద్దం మేస్త్రి గూటిపెట్టెలు

ఆ వీధిలో ఆ వడ్రంగిని అందరూ అద్దం మేస్త్రి అంటారు. ఆయన చిత్రిక పట్టిన చెక్కలో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చని పేరు. బీరువా ముందువైపు ఎంత నున్నగా ఉంటుందో, ఎవరూ చూడని వెనక పలక కూడా అంతే నున్నగా ఉండాల్సిందే. లేకపోతే ఆయనకు ఆ రోజు అన్నం సయించదు.

పని మానేశాక చేతులు ఊరుకోక పిట్టలకు గూటిపెట్టెలు చేశాడు. ఒకటి తన పెరట్లో తగిలించుకుని, ఇంకొకటి వియ్యంకుడికి ఇచ్చాడు. "మీ ఇంట్లో పనితనమున్న వస్తువు ఇదొక్కటే బావగారూ" అని చురక అంటించి మరీ వచ్చాడు. బట్టల కొట్టు నడిపే వియ్యంకుడు అలాంటి మాట మరిచిపోయే రకం కాదు.

వేసవి మొదట్లో రెండు పెట్టెల్లోనూ నల్లతల పిట్టలు కాపురం పెట్టాయి. మేస్త్రి పెట్టెలో పిల్లలు త్వరగా ఎదిగాయి. తల్లి లోపలికి రాకుండా గోడ మీద కూర్చుని, నోట పురుగుతో వాటిని బయటికి రమ్మని ఊరించడం మొదలుపెట్టింది. ఆ ముచ్చట చూసి ఆయన మురిసిపోయాడు. కానీ ఒక్క పిల్లా బయటికి రాలేదు. లోపలి అరుపులు సన్నగిల్లి, ఒక ఉదయం పూర్తిగా ఆగిపోయాయి.

మూత తీశాడు. పిల్లలన్నీ కన్నం కిందే ఒకదాని మీద ఒకటి పడి చచ్చి ఉన్నాయి. రెక్కలు నిండుగా వచ్చిన పిల్లలు.

"పిల్లి ముట్టలేదు, చీమలూ పట్టలేదు. ఏం రోగమొచ్చిందండీ వీటికి?" అంది భార్య.

ఆయన పెట్టెను వెలుతురు వైపు తిప్పాడు. లోపల, కన్నం కింది చెక్క మీద సన్నని గీతలు. ఎక్కబోయి జారిన గోళ్ళ గీతలు. వేలు ఆనించి చూశాడు. వేలూ జారింది. లోపల కూడా పాలిష్ పెట్టిన ఘనుడు తనే.

"రోగం కాదు, నా చేతిపని," అన్నాడు. "బావగారింటి పెట్టెలో పిల్లలు ఇంకా బతికే ఉండొచ్చు. వెళ్తున్నా."

"వెళ్ళి ఏమని చెబుతారు? ఆయన ఊరంతా టముకు వేస్తాడు."

"వేసుకోనీ."

గరుకు పలకముక్క ఒకటి తీసుకుని, రంపంతో అడ్డంగా గాట్లు పెట్టి, సంచిలో పడేసుకుని బయలుదేరాడు.

"రండి బావగారూ! మీ పిట్టలకు గోల తప్ప గడప దాటే ధైర్యం లేదు," అన్నాడు వియ్యంకుడు.

"ధైర్యం ఉంది, దారే లేదు. పెట్టె తప్పుగా చేశాను."

"ఏమన్నారు? ఆగండాగండి, మీ చెల్లెల్ని పిలుస్తాను. తనూ వినాలి."

"ముందు నిచ్చెన పట్టుకోండి. తర్వాత తీరిగ్గా నవ్వుకోవచ్చు."

పలకను కన్నం కింద లోపలివైపు నిలబెట్టి, బెదురుతాయని సుత్తి వాడకుండా మరలతో బిగించాడు. తల్లి పిట్ట నెత్తి మీద తిరుగుతూ నానా తిట్లూ తిట్టింది. ఇద్దరూ వెనక్కి వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

చాలాసేపటికి కన్నంలో ఓ నల్లతల కనిపించింది. అటూ ఇటూ చూసి, అడ్డదిడ్డంగా ఎగిరి బట్టలారేసే తీగను పట్టుకుంది. దాని వెనకే ఇంకొకటి. వియ్యంకుడు నవ్వడం మరిచిపోయి మెడ చాచాడు.

"ఇంకొకటి లోపలే ఉండిపోయింది బావగారూ!"

"వస్తుంది," అన్నాడు మేస్త్రి. "గోళ్ళ చప్పుడు వినండి. ఎక్కుతోంది."