యముడి గొంతు సవరించాను

మా అత్తగారిని యముడి చేత పేరు పెట్టి పిలిపించిన కోడలు తిరువూరు మొత్తానికి నేనొక్కదాన్నే. వినాయకుణ్ణి చేయబోయి కోతిని చేసినవాళ్ళను మీరు చూసే ఉంటారు. నేను యముణ్ణి చేయబోయి యముణ్ణే చేశాను. ముప్పు అక్కడే వచ్చింది.

మూడేళ్ళ కిందటి మాట. నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. మా నాన్నగారు ఇంట్లో కూర్చోబెట్టి నేర్పిన నాలుగు ముక్కలు, పైన దేవుడి దయ, అంతే. ఆ రెండింటి బలంతో గుడిలో శుక్రవారం భజనకు వచ్చే ఆడవాళ్ళ కోసం ఒక చిన్న కథ రాశాను. ఒక ముసలి భక్తురాలి దగ్గరికి యముడు వస్తాడు. పూజ అయ్యాక వస్తానంటుంది ఆవిడ. ఆ పూజ ఎంతకీ అవ్వదు. రాసినదాన్ని పైకి చదివిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి మావారు నా ఫోన్లో వేసిచ్చారు. పాత్రకో గొంతు ఎంచుకోవచ్చు, దాన్ని లావు చేయొచ్చు, సన్నం చేయొచ్చు, నిదానం చేయొచ్చు. ఆయన చల్లగా ఉండాలి.

భక్తురాలి గొంతు తేలిగ్గానే కుదిరింది. యముడే లొంగలేదు. మొదట బ్యాంకులో టోకెన్ నంబరు పిలిచినట్టు పలికాడు. వేగం పెంచితే "గంపలగూడెం, గంపలగూడెం" అని అరిచే షేర్ ఆటో డ్రైవరయ్యాడు. చివరికి డాబా మీద కూర్చుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, గొంతు లావు చేసి, వేగం తగ్గించి, వాక్యానికీ వాక్యానికీ మధ్య విరామాన్ని చివరికంటా జరిపితే అప్పుడొచ్చాడు మహానుభావుడు. ఒక మాట అని ఆగితే, రెండో మాట వచ్చేలోపు వినేవాళ్ళు తమ పాపాలన్నీ నెమరేసుకోవచ్చు. నాకే ఒళ్ళు జలదరించి దణ్ణం పెట్టుకున్నాను.

సంగతి తెలిసి అత్తగారు పెదవి విరిచారు. "ఊళ్ళో మనుషులు లేనట్టు డబ్బాతో కథ చెప్పించడమేంటమ్మాయ్? నేను రాను."

ఆవిడ రాకపోతే "అత్తగారికే నచ్చలేదట" అన్న మాట మధ్యాహ్నానికల్లా పక్క ఊరు పెనుగొలను దాటిపోతుంది. అదీకాక, ఆవిడ నోట ఒక్క మెచ్చుకోలు వినాలని కాపురానికొచ్చిన నాటినుంచీ నాకో పిచ్చి ఆశ. నా వంటకు ఆవిడ ఇచ్చిన అతి పెద్ద బిరుదు "తినొచ్చు".

ఇక్కడో సంగతి చెప్పాలి. అత్తగారికి పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర ఉంది. అది గుర్తుచేసే పని కూడా అదే ఫోన్‌కు అప్పగించి, ఆవిడ మంచం పక్కన బల్ల మీద పెడుతుంటాను. యముడి గొంతు అలాగే వదిలేస్తే ఫోన్ అన్ని మాటలూ ఆ గొంతుతోనే పలుకుతుందని నాకు తెలియదు. తెలిసినవాళ్ళు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

మర్నాడు పొద్దున్నే పూజగదిలో దీపం వెలిగిస్తున్నాను. పక్క గదిలో పాతాళం నోరు విప్పినట్టు వినిపించింది.

"సుభద్రమ్మగారూ, సమయమైంది."

తర్వాత విరామం. నేను చివరికంటా జరిపిన విరామం.

కోడలికి చెలగాటం, అత్తకు ప్రాణసంకటం. అగ్గిపుల్ల వేలు కాల్చేదాకా కదల్లేకపోయాను. గుమ్మం దాకా పరుగెత్తి చూస్తే, అత్తగారు మంచం మీద లేచి కూర్చుని, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, ఎదురుగా ఉన్న బీరువాకు చేతులు జోడించి ఉన్నారు. భయం లేదు, ఏడుపు లేదు. మామిడికాయలు బేరమాడేటప్పటి గొంతే.

"వస్తాను నాయనా, రానని అనను. శుక్రవారం దాకా ఆగు. నా కోడలు గుడిలో ఏదో కథ పెడుతోంది. నేను ముందు వరసలో కూర్చోకపోతే పిచ్చిది చిన్నబుచ్చుకుంటుంది. కథ బాగానే ఉంది, రాసుకుంటూ పైకి చదువుకుంటుంటే విన్నాను. దానికి మాత్రం చెప్పకు."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. స్వామీ, ఈ జన్మకిది చాలు అనుకున్నాను. ఆ ఆనందంలో ఫోన్ సంగతే మరిచాను. విరామం ముగిసింది.

"మాత్ర వేసుకోండి" అన్నాడు యముడు.

మళ్ళీ ఆగాడు. అత్తగారు జోడించిన చేతులు దించకుండా బల్ల వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు.

"అరగంట దాకా కాఫీ తాగకండి."

"యముడికి నా కాఫీతో ఏం పనే?" అన్నారు అత్తగారు.

గొంతు మార్చడం మరిచిపోయానని, క్షమించమని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఆవిడ మాత్ర మింగి, గ్లాసు నా చేతికిచ్చి అడిగారు. "నేనన్నదేమైనా విన్నావా?"

"లేదండీ." పూజ మధ్యలో లేచొచ్చి మరీ అబద్ధమాడాను. భగవంతుడు మన్నించాలి.

"మంచిది. ఇతగాడు మర్యాద తెలిసినవాడు, గారూ అని పిలిచాడు. మార్చకు, ఇలాగే ఉండనీ."

శుక్రవారం ముందు వరసలో అత్తగారు. కథలో భక్తురాలి వాకిట్లో యముడు నిలబడి "సమయమైంది" అన్నాడు. విరామం. మండపంలో గాజుల చప్పుడు కూడా లేదు. నేను అన్నాళ్ళూ కష్టపడింది ఆ నిశ్శబ్దం కోసమే. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో అత్తగారు వెనక్కి తిరిగి అందరికీ ధైర్యం చెప్పారు.

"భయపడకండమ్మా. మాత్ర వేసుకోమంటాడు, అంతే."

ఆ తర్వాత యముడేమన్నాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. నవ్వుల్లో కొట్టుకుపోయాడు పాపం.

కనుక వెలుగుతున్న దీపం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో యమధర్మరాజును ఇంటి పనులకు పెట్టను. పొద్దుటి మాత్ర ఒక్కటి తప్ప. అది అత్తగారి ఆజ్ఞ. ఆవిడ మాట యముడే కాదనలేదు, నేనెంత.