గజాల లెక్క ఇంట్లో జర్మనీ కెమెరా

కెమెరా ధర చెప్పగానే మా బాపు దాన్ని గజాల్లోకి మార్చాడు. అది ఆయన అలవాటు. తులం బంగారం ధర చెప్పినా, నా ఇంజినీరింగ్ ఫీజు చెప్పినా ఒక్క క్షణం పైకప్పు వైపు చూసి, "అంటే ఎంకపల్లిల ఇన్ని గజాలు" అనేవాడు. ఆ రోజూ పైకప్పు చూశాడు. ఈసారి ఆ చూపు కిందికి దిగడానికి చాలాసేపు పట్టింది.

"నూరు గజాలు," అన్నాడు చివరికి. "నూరు గజాల జాగ మెడకేసుకొని వచ్చినవా?"

మా బాపు గొలుసు పట్టే మనిషి. మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు సర్వేయర్ దగ్గర ఇరవై ఎనిమిదేళ్లు భూములు కొలిచాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీల జోరు గచ్చిబౌలి దాటి మా వైపు మళ్లాక జొన్న చేలూ బంతి తోటలూ వెంచర్లుగా మారిపోయాయి. రోడ్డు పొడుగునా రంగు జెండాలు లేచాయి. ఆ జెండాల కింద ఎవరి ప్లాటు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పింది మా బాపు గొలుసే. ఇన్ని కొలిచిన మనిషికి గుంట జాగా లేదు. మేం ఉంటున్నది చర్చి వెనక కిరాయి ఇంట్లో. నాకు ఉద్యోగం వచ్చిన రోజు నుంచి ఆయనకు ఒకటే ఆశ, బిడ్డ జీతంతో ఒక చిన్న ప్లాటు కొనాలని. దాని కోసం రెండేళ్లుగా దాచిన డబ్బుతోనే నేను కెమెరా కొన్నాను. తప్పని తెలుసు. తెలిసే కొన్నాను.

ఆ కెమెరాను మొదట మా ఆఫీసు క్యాంటీన్‌లో చూశాను. మా టీం లీడు దాన్ని టీ కప్పుల మధ్య పెట్టాడు. జర్మనీలో చేసిందట, నల్లగా, బరువుగా, ఏ హంగూ లేకుండా ఉంది. దానికి జూమ్ లేదు, వీడియో లేదు, తనంతట తాను ఫోకస్ చేసుకోవడం అసలే రాదు. ఇన్ని లేనందుకే అంత ధర పెట్టారా అని వెటకారం చేశాను. ఆయన నవ్వి, "ఒకసారి చూడు" అని చేతికిచ్చాడు.

అందులో లెన్సు గుండా చూడం. పక్కన వేరే చిన్న కిటికీ ఉంటుంది. ఆ కిటికీ మధ్యలో వెలుగు చదరం ఒకటి, అందులో ఎదుటి మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పుతూ ఆ ఇద్దరినీ ఒక్కరిగా కలిపితే ఫోకస్ కుదిరినట్టు. నేను క్యాంటీన్ అన్న రెండు మీసాలను మెల్లగా జరిపి ఒక్క మీసం చేశాను. మీట నొక్కితే చిటికెలో సగం చప్పుడు. నాకు ఒళ్లు ఝల్లుమంది. పొద్దంతా నేను కంపెనీలో చేసే పనిలో ఏది నాదో ఏది యంత్రానిదో ఎప్పుడూ తెలియదు. ఈ మీసం మాత్రం ముమ్మాటికీ నేను కలిపిందే.

ఆ కెమెరా కొత్తది కొనాలంటే నా ఏడాది జీతం బాడీకే సరిపోయేది, లెన్సు వేరే. "లెన్సు లేకుంట కెమెరా ఏందే? చక్రాలు లేకుంట బండి అమ్ముతరా ఎవలన్న?" అని బాపు తర్వాత చాలాసార్లు అడిగాడు. టీం లీడు అంతకన్నా కొత్త మోడల్ కొంటూ ఈ పాతదాన్ని లెన్సుతో సహా నాకు సగం కన్నా తక్కువకు ఇచ్చాడు. "ఎప్పుడు వద్దనుకున్నా చెప్పు, ఇదే ధరకు నేనే తీసుకుంటాను" అని మాట కూడా ఇచ్చాడు. ఆ మాట ఇంట్లో చెప్పి నేనే గొయ్యి తవ్వుకున్నాను.

కొన్న నెలకే పరువు పోయింది. చేవెళ్లలో మా మేనమామ ఇల్లు కట్టి కొత్తింటి ప్రార్థన పెట్టుకున్నాడు. ఫోటోగ్రాఫర్ వద్దని, నేను తీస్తానని నేనే ముందుకు దూకాను. తీసిన వెంటనే వెనక తెర చూసుకోవడం నేర్వని వాళ్ల పని అని టీం లీడు ఒకసారి అన్నాడు. నేను దాన్ని వేదవాక్కులా పట్టుకున్నాను. చర్చి అయ్యగారు రిబ్బన్ కత్తిరించడం, అత్త పాలు పొంగించడం, మామ కన్నీళ్లు తుడుచుకోవడం, అన్నీ తీశాను. అందరూ చుట్టూ మూగి చూపించమంటే తెర వెలిగించాను. అన్నీ నలుపే. లెన్సు మూత తీయలేదు. చూసే కిటికీ వేరు కదా, నాకు లోకమంతా వెలుగుగానే కనిపించింది.

మామ తెర వంక చూసి, నా వంక చూసి, "మా ఇంట్ల కరెంటు ఉండె గద కోడలా?" అన్నాడు. ఇల్లంతా ఒకటే నవ్వు. బాపు ఒక్కడే నవ్వలేదు.

తిరుగు బస్సులో కిటికీ బయటికి చూస్తూ చెప్పాడు. "కోత పండుగ దాక టైమిస్తున్న. గోడకు పెట్టదగ్గ ఫోటో ఒక్కటి తియ్యి. ఒక్కటంటే ఒక్కటి. నా కండ్లకు నచ్చాలె. లేదంటే ఇచ్చినోనికే తిరిగిచ్చి జాగ కొను."

"సరే," అన్నాను. రోషం నాకు ఆయన దగ్గరి నుంచి వచ్చిందే.

అప్పటికి మా చర్చి కోత పండుగకు ఐదు నెలలుంది. ఆ ఐదు నెలలూ సెలవు దొరికితే కెమెరాతో తిరిగాను. చేవెళ్ల మార్కెట్‌లో క్యారెట్ కడిగే అక్కలు, గులాబీ కట్టలు మోపెడ్ల మీద కట్టే అన్నలు, ఉదయం బస్సుకు ఉరికే పిల్లలు. నేను ఇద్దరిని ఒక్కరు చేసేలోపు ఆ ఒక్కరు వెళ్లిపోయేవారు. మిగిలేది మసక. మా అవ్వ, మేం అమ్మను అవ్వనే అంటాం, నన్ను ఓదార్చబోయి, "మబ్బుల ఫోటో మంచిగొచ్చింది బిడ్డా" అంది. అది మా గేదె.

ఆ ఏడే సర్వేయర్ కూడా మూడు కాళ్ల మిషను కొన్నాడు. మీట నొక్కితే దూరం అదే చెబుతుంది. గొలుసుకు పని తగ్గింది. వారంలో నాలుగు రోజులు బాపు ఇంటి ముందు కుర్చీ వేసుకుని ఊరికే కూర్చునేవాడు. గేటు దగ్గరికి ఎవరైనా వస్తే, "ఇరవై రెండు ఫీట్లు" అని తనలో తాను అనుకోవడం నేను విన్నాను. అది కూడా ఆయన అలవాటే అనుకున్నాను, అంతకు మించి ఆలోచించలేదు.

ఒక ఆదివారం ఆయన తనంతట తానే కెమెరా అడిగి తీసుకుని కంటికి పెట్టుకున్నాడు. రింగు తిప్పాడు. చాలాసేపు దించలేదు.

"మా దగ్గర రెండద్దాల డబ్బ ఉంటది. రెండు కర్రలు ఒక్క గీతల కలిస్తే మూల సరిగున్నట్టు. గిది గూడ గట్లనే ఉన్నది," అన్నాడు. కెమెరా తిరిగి ఇస్తూ, "కాని కర్రలు ఆగుతయి బిడ్డా. మనుషులు ఎట్ల ఆగుతరు?" అన్నాడు.

ఆ మాటతో నాకు మరింత నీరసం వచ్చింది. పండుగ వారంలో ఓటమి ఒప్పుకుని టీం లీడుకు ఫోన్ చేశాను. ఆదివారం సాయంత్రం జన్వాడలో ఎవరిదో ఫాంహౌస్‌లో విందుకు వెళుతున్నానని, దారిలో వచ్చి తీసుకుంటానని చెప్పాడు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ప్లాటు డబ్బు తిరిగి వస్తుందన్న సంతోషం ఒక్క చుక్క కూడా కలగలేదు.

ఆ ఆదివారమే కోత పండుగ. ఆ రోజు మా చర్చిలో ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం పెడతారు. పంటలో మొదటి భాగం దేవుడికని తెచ్చినవన్నీ పాడతారు. గుమ్మడికాయలు, టమాటా బుట్టలు, బంతి దండలు, కోళ్లు. ఆ ఏడు భూములమ్మిన వాళ్ల చేతులు ఆడుతున్నాయి కాబట్టి ఒక్కో సొరకాయకు పోటీ పడి అరుస్తున్నారు. సంఘ పెద్ద ఒక్కో వస్తువునూ పైకెత్తి పాట పాడిస్తున్నాడు. చివరి రోజు కదా అని నేనూ కెమెరా తీసుకెళ్లాను, మూత ముందే తీసి ఇంట్లో పెట్టి మరీ. కానీ ఎత్తిన చేతులు దిగిపోతున్నాయి, నవ్విన ముఖాలు తిరిగిపోతున్నాయి. నేను రింగుతో కుస్తీ పడుతూనే ఉన్నాను.

"తొమ్మిది," అని పక్క నుంచి వినిపించింది.

బాపు. తెల్ల అంగీ వేసుకుని చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు.

"ఏంది తొమ్మిది?"

"నీకు, ఆ గుమ్మడికాయకు. తొమ్మిది ఫీట్లు."

ఒళ్లు మండింది. ఏదో అనబోయి రింగు వంక చూశాను. దాని మీద పసుపు అంకెలు వరసగా ఉన్నాయి. మూడు, నాలుగు, ఐదు, ఏడు, పది. ఫీట్లు! అన్ని నెలలు ఆ అంకెలు నా వేళ్ల కిందే ఉన్నాయి. పదికి కొంచెం ఇటు ఆపి నొక్కాను. తెర చూశాను. ఇక ఏ సిగ్గూ పడదలచుకోలేదు. గుమ్మడికాయ మీద మట్టి గీతలు కూడా ఉన్నాయి.

"బాపు, ఆ పచ్చ చీర?"

"పదకొండున్నర."

"అయ్యగారు?"

"ఆరు. ఇటే వస్తున్నడు. ఐదు పెట్టు."

ఇక ఆగలేదు. ఆయన ముందు నడుస్తూ అంకెలు చెబుతున్నాడు, నేను వెనక తిప్పుతూ నొక్కుతున్నాను. కిటికీలోకి చూసే పని కూడా తప్పింది. మంచి ఎండ, లెన్సు కన్ను చిన్నగా పెట్టాను కాబట్టి అర అడుగు అటూ ఇటూ అయినా చెల్లుతుంది. బాపు ఆ అర అడుగు కూడా తప్పలేదు.

అప్పుడు మా అవ్వ తెచ్చిన పుంజు వంతు వచ్చింది. సంఘ పెద్ద దాన్ని రెండు చేతులా పైకెత్తగానే కాళ్లకు కట్టిన దారం ఊడింది. పుంజు రెక్కలు విప్పి అయ్యగారి తల మీదుగా లేచింది. జనం గొల్లుమన్నారు. ఫోటో అంటే పెదవులు బిగించే మా అవ్వ కొంగు జారుతున్నా చూసుకోకుండా రెండు చేతులూ చాచి గాల్లోకి ఎగిరింది.

"ఏడు!" బాపు అరిచాడు. "ఏడుకు పెట్టు!"

పెట్టాను. నొక్కాను.

ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో తెరిచాను. పుంజు గాల్లో, దాని కాలికి వేలాడే దారం, కింద తల కాపాడుకుంటున్న అయ్యగారు, మధ్యలో నోరారా నవ్వుతున్న మా అవ్వ. ఆమె పన్ను ఒకటి వంకర ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. అవ్వ సిగ్గుపడి మొహం తిప్పుకుంది, మళ్లీ వచ్చి చూసింది. బాపు లేచి టేపు తెచ్చి ముందు గది గోడ మీద పెన్సిల్‌తో నాలుగు మూలలూ గుర్తు పెట్టాడు. నేను గెలిచాను! గట్టిగా అరవాలనిపించింది, నిజానికి అరిచాను కూడా.

సరిగ్గా అప్పుడే గేటు ముందు టీం లీడు కారు ఆగింది. రమ్మన్నది నేనే, మరిచేపోయాను. నేను చెప్పులు వేసుకునేలోపు బాపు గేటు దగ్గర ఉన్నాడు.

"కూసోండ్రి సార్, చాయ్ తాగి పోండ్రి. కెమెరా అయితే ఇయ్యం."

టీం లీడు అయోమయంగా నా వైపు చూశాడు. "తనే రమ్మంది అంకుల్. అది మీ అమ్మాయి కెమెరా కదా?"

"పైసలు బిడ్డయి," అన్నాడు బాపు. "ఫీట్లు నావి. సగం నాది."

ఇరవై ఎనిమిదేళ్లు ఇది ఫలానా వారిది, అది ఫలానా వారిది అని రాళ్లు పాతించిన మనిషి. 'నాది' అన్న మాట ఆయన నోట నేను అంతకు ముందు వినలేదు. నేను లోపలికి వెళ్లి కళ్లు తుడుచుకుని చాయ్‌కి నీళ్లు పెట్టాను.