ముగ్గులో బొటనవేలు

మొన్న మంగళవారం పొద్దున్నే ఏసోబు ఫోన్ చేసి, "టీచరమ్మగారు వెళ్ళిపోయారండి" అన్నాడు. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట "నిజమేనా?" అని. ఎనభై దాటి, రెండు నెలలుగా మంచం పట్టిన మనిషి పోయారంటే అలాగా అడిగేది? అది ఆవిడ పెట్టిన అలవాటే. ఆవిడైతే ఇంకోటి కూడా అడిగేవారు. "మీరు చూశారా అండీ, ఎవరైనా చెప్పారా?"

ఆవిడ హైస్కూల్లో మాకు సైన్సు చెప్పిన టీచరుగారు. కోరుకొండ దాటాక కొండవార ఆవిడకో జీడితోట ఉండేది. రిటైరయ్యాక అందులో తేనెపెట్టెలు పెట్టారు. తోటకి కాపలా, పెట్టెలకి చాకిరీ అన్నీ ఏసోబే. నేను రాజమండ్రిలో ఒక కాలేజీ లాబ్‌లో పనిచేస్తాను. ఆదివారాలు వెళ్ళి ఆ పెట్టెల దగ్గర చేతికింద మనిషిగా ఉండేవాణ్ణి. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచితనంతో మొదలుపెట్టాలంటారు. నాకు మాత్రం ముందు ఆవిడ అనుమానమే గుర్తొస్తోంది.

ఆవిడ నమ్మని మనిషి లేడు అనబోయి ఆగాను, ఆవిడ నమ్మిన మనిషి లేడు అనాలి. పాలవాడి క్యాన్‌లో లాబ్‌లోని లాక్టోమీటరు ముంచి, "పాలు బావున్నాయండి, నీళ్ళు ఇంకా బావున్నాయి" అనేవారు. పెళ్ళి శుభలేఖ ఇస్తే పంచాంగం తీసి ముహూర్తం సరిచూసేవారు. డాక్టరు రాసిన మాత్రల మీది అక్షరాలు చదవడానికి మెడలో నల్లతాడుకి భూతద్దం వేలాడుతుండేది. పరీక్ష హాల్లో ఆవిడ డ్యూటీ అంటే, కాపీ రాయనివాళ్ళకి కూడా చేతులు చెమట పట్టేవి.

మా గోదావరి జిల్లాల్లో 'అండి' అనడం ఊపిరి పీల్చినంత మామూలు. తిట్టినా అండి అనే తిడతాం. టీచరుగారి దగ్గర మాత్రం దానికి వేరే అర్థం ఉండేది. ఎవరి మీద అనుమానం ఉంటే వాళ్ళకే 'గారు', 'అండి'. పదేళ్ళ పిల్లాడైనా సరే, "హోంవర్కు మీరే రాశారా అండీ?" అన్నారంటే వాడి పని అయిపోయినట్టే. మనిషి సంగతి తేలాక మర్యాద మానేసేవారు. అప్పుడిక ఏరా, ఏమే.

నేను ఎనిమిదో తరగతిలో థర్మామీటరు పగలగొట్టాను. "ఎవరండీ ఆ మహానుభావులు?" అని ఆవిడ క్లాసంతా కలయజూశారు. లేచి "నేనేనండి" అన్నాను.  ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసి, "సరేలే, కూర్చోరా" అన్నారు. ఆ 'రా' కి నేనెంత పొంగిపోయానో చెబితే నవ్వుతారు. ముప్ఫై ఏళ్ళు ఆ పిలుపుతోనే బతికాను. లాబ్ ఉద్యోగంలోకి రావడానికి అదే కారణమని నా గట్టి నమ్మకం.

మూడేళ్ళ క్రితం, జీడిపళ్ళ రోజుల్లో, ఒక ఉదయం ఓ పెట్టె బోర్లా పడి ఉంది. తేనెపట్టు సగం లేదు. ఏసోబు చుట్టూ తిరిగి చూసి, "ఎలుగుబంటేమోనండి, వాసన అలా ఉంది" అన్నాడు. ఏజెన్సీ కొండల్లో ఎలుగులున్నాయని వినడమే తప్ప, మా వైపు చూసినవాళ్ళు లేరు. నేను నవ్వేశాను. టీచరుగారు నవ్వలేదు.

"ఎలుగుబంటిగారైనా కావచ్చండి, ఎవరైనా కావచ్చు. వచ్చినవారు అడుగు పెట్టకుండా ఎలా వస్తారు? అడుగునే అడుగుదాం" అన్నారు.

ఆ సాయంత్రం నుంచి పెట్టెల చుట్టూ సున్నపు ముగ్గు పరవడం మొదలైంది. చుక్కలూ గీతలూ ఏమీ లేవు. జల్లెడతో పల్చగా, మనిషి దాటలేనంత వెడల్పుగా జల్లడమే. ఏసోబు వెనక్కి అడుగులు వేస్తూ, తను తొక్కిన చోటు తనే కప్పేసుకుంటూ జల్లేవాడు. తెల్లారాక టీచరుగారు భూతద్దంతో చుట్టూ తిరిగి రిజిస్టరు చూసినట్టు చూసేవారు. ఉడత, ముంగిస, పక్కింటి కోడి. ఒక్కోదానికీ గారు తగిలించేవారు. నాకు అదంతా పెద్దావిడ చాదస్తంగానే కనిపించేది. లోపల్లోపల నా అనుమానం ఏసోబు మీదే ఉంది. ఎలుగు అని ముందే కథ అల్లిపెట్టుకున్నాడు, తోట తాళాలు అతని దగ్గరే ఉన్నాయి. పైగా అతనొక్కడే పెట్టెల దగ్గరికి వట్టి కాళ్ళతో వస్తాడు. చర్చి గుమ్మంలో విప్పినట్టే చెప్పులు దూరంగా విప్పి వచ్చేవాడు. చప్పుడైతే ఈగలు బెదురుతాయని అతని లెక్క.

ఆదివారం పొద్దున్న నేను వెళ్ళేసరికి మూడు పెట్టెలు పగిలి పడున్నాయి. టీచరుగారు ఇంకా రాలేదు. ముగ్గులో పాదం. వట్టి పాదం, వెడల్పుగా, మడమతో సహా, అచ్చం మనిషిది. ఏసోబు తెల్లని చొక్కా వేసుకుని ప్రార్థనకి బయల్దేరుతున్నాడు. జీడిగింజలు ఏరే ఆడవాళ్ళు నలుగురూ అక్కడే ఉన్నారు. నేను ఆగలేకపోయాను.

"ఇలా రా. నీ కాలు దీని పక్కన పెట్టు."

"ఏంటండీ ఇది?"

"పెట్టు, చెప్తాను."

నాకంటే పదేళ్ళు పెద్దవాడు. నా మొహంలోకి ఒక్కసారి చూసి, వంగి పంచె పైకి పట్టుకుని, ఆ అచ్చు పక్కన కాలు పెట్టాడు. పొడవు సరిపోయింది. "ఇంకేం చెబుతావు?" అన్నాను. అతను నడుముకున్న తాళాల గుత్తి తీసి పగలని పెట్టె మీద పెట్టి, చెప్పులు వేసుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళలో ఒకావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. దొంగని పట్టేశానని నాకు గర్వంగానే ఉంది, దాచడమెందుకు.

టీచరుగారు వచ్చారు. నేను చెప్పిందంతా విన్నారు. మోకాళ్ళ నొప్పితోనే కింద కూర్చుని భూతద్దం పెట్టి రెండు అచ్చులూ చాలాసేపు చూశారు.

"బొటనవేలేదండీ?" అన్నారు.

నాకు ముందు వినపడింది బొటనవేలు కాదు, అండీ. 

"మనిషికి బొటనవేలు పెద్దది, లోపలి వైపు ఉంటుంది. ఇదిగో, ఏసోబుది చూడండి. దీనికి అయిదు వేళ్ళూ ఒకటే సైజు, స్కేలుతో గీసినట్టు వరసగా ఉన్నాయి. అదిగో, అవతలున్న ముందు కాలి అచ్చుకైతే వేళ్ళకి అంత దూరంలో గోళ్ళ గాట్లున్నాయి. కత్తితో కోసిన పట్టు ఒక్కటైనా ఉందా? పిల్లపురుగులతో సహా నమిలేశాడు, దొంగవెధవ." ఎలుగు సంగతి తేలిపోయింది, దాని గారు ఊడిపోయింది. "అనుమానం ముందు నేల మీద పడాలండి. అక్కడేమీ దొరక్కపోతే అప్పుడు మనిషి మీద. మీకు నేను తలకిందులుగా చెప్పినట్టున్నాను."

"తప్పయిపోయింది టీచరుగారూ."

"ఆ మాట చెప్పాల్సింది నాకా అండీ? ముందు చెప్పులు విప్పి మీ కాలు కూడా పెట్టండి."

పెట్టాను. ముగ్గులో మూడు పాదాలయ్యాయి. ఆవిడ నా అచ్చు మీద భూతద్దం పెట్టి, "బొటనవేలైతే ఉంది" అన్నారు. అంతే అన్నారు.

ఆ మధ్యాహ్నం ఆటోలో ఏసోబు ఇంటికి నన్నూ తీసుకెళ్ళారు. నేను చేతులు జోడించి తప్పు ఒప్పుకున్నాను. ఏసోబు "పర్లేదండి" అన్నాడు. టీచరుగారు, "పర్లేదని అనకురా. పర్లేదు అనేసే పని కాదు అది. నేను నేర్పిన చదువే నీ మీదికి వచ్చింది" అని ఏడ్చారు. ఆవిడ ఏడవడం నేను అదొక్కసారే చూశాను. రెండు రోజులకి ఏసోబు పనిలోకి వచ్చాడు. కానీ ఆ రోజు నుంచి ఆ ముగ్గులో చెప్పులు విప్పి అడుగు పెట్టలేదు.

ఎలుగు సంగతి ఆవిడ పద్ధతిలోనే సర్దారు. ఊళ్ళో ఒకతను ఉచ్చు పెడతానంటే, "దాని తప్పు రుజువైంది గదా, కాళ్ళు విరగ్గొట్టడం ఎందుకు?" అని పంపించేశారు. ఫారెస్టువాళ్ళని పిలిచి చూపించారు. రాలిన జీడిపళ్ళు సాయంత్రానికల్లా ఏరి తోట దాటించేశారు. పెట్టెలన్నీ ఒక్కచోటికి చేర్చి చుట్టూ సోలారు కంచె వేయించారు. ముట్టుకుంటే ఝల్లుమంటుంది గానీ ప్రాణం పోదు. కంచె వేసినతన్ని నమ్మక, ముందు తనే గడ్డిపోచతో ముట్టుకుని చూశారు. తర్వాత కంచె అవతల ఒకటి రెండుసార్లు అచ్చులు కనిపించాయి, లోపలికి మాత్రం రాలేదు. అయినా ముగ్గు మానలేదు.

నాకు మాత్రం ఆ 'రా' తిరిగి రాలేదు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ఎందుకండీ నన్నింకా అండి అంటారని. పెట్టె మూత సర్దుతూ, "మిమ్మల్ని ఇంకా తేల్చుకోలేదండి" అన్నారు. మూడేళ్ళు అలాగే గడిచాయి. ఆదివారాలు మానలేదు. ఎవరి మీదైనా వేలెత్తబోయినప్పుడల్లా ముందు నేల చూసుకోవడం అలవాటైంది. లాబ్‌లో బీకరు పగిలితే కుర్రాళ్ళ మొహాలు కాదు, ముందు బల్ల వాలు చూస్తాను. ఆ బుద్ధి ఆవిడ పెట్టిందే. దానికి నేను ఎంత చెప్పుకున్నా తక్కువే.

మూడు వారాల క్రితం ఆవిడ ఇంటికి వెళ్ళి చివరిసారి చూశాను. ఏసోబు మంచం పక్కన గ్లాసు పట్టుకుని నించున్నాడు. నన్ను గుర్తుపట్టి, పెదాలు కదిపారు. "పెట్టెలు చూ..." అన్నారు, అంతలో దగ్గు తెర కమ్మింది. ఏసోబు ఆవిడ నోటి దగ్గరికి వంగాడు. ఆవిడ ఇంకేదో అన్నారు. నాకు వినపడలేదు. 'చూడు' అన్నారా, 'చూడండి' అన్నారా? ఇంత చిన్నమాట కోసం ఈ వయసులో నిద్ర పట్టకపోవడం నాకే సిగ్గుగా ఉంది.

అంత్యక్రియలు అయ్యాక నిన్న సాయంత్రం తోటకి వెళ్ళాను. ఏసోబు ముగ్గు జల్లుతున్నాడు. గేటు దగ్గర చెప్పులు విప్పి వెళ్ళి, ముగ్గు అంచులో నిలబడ్డాను. నాకంటే పెద్దవాడు, అతనికి అండగా ఉన్న ఆవిడ పోయారు, ఇకనైనా మర్యాదగా పిలవాలనిపించింది.

"ఏసోబుగారూ, ఆ రోజు ఆవిడ చూడు అన్నారా, చూడండి అన్నారా? మీరు విన్నారు గదా, నిజం చెప్పండి."

జల్లెడ ఆగిపోయింది. ఏసోబు నావైపు చూశాడు. కోపం లేదు, ముగ్గులో కాలు పెట్టమన్నప్పుడు చూసిన చూపే.

"నన్ను గారు అంటున్నారేంటండీ?" అన్నాడు. "నా సంగతి ఇంకా తేలలేదా?"

 అతను మళ్ళీ జల్లెడ ఊపుతూ, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ, తన చెప్పుల అచ్చులు తనే కప్పేసుకుంటూ పెట్టెల అవతలికి వెళ్ళిపోయాడు. ముగ్గు చివర నేను నిలబడ్డ చోట మాత్రం జల్లలేదు. అక్కడ నా పాదాలు రెండూ పడి ఉన్నాయి, బొటనవేళ్ళతో సహా.