అందరూ తిన్నాక మిగిలింది

మొన్న గుడివాడలో ఒక నిశ్చితార్థానికి వెళ్ళాను. పొద్దున బందరులో తాగిన కాఫీ తప్ప కడుపులో ఏమీ లేదు. అయినా ఆ ఇంటివారు ఇడ్లీ ప్లేటు చేతికివ్వబోతే, "అయిందండీ, ఇప్పుడే తినొచ్చాను" అని నోరు దానంతటదే అనేసింది. భూములు పోయాక మా పెద్దలు మాకు నేర్పిన మర్యాద అది. ఒకప్పుడు చల్లపల్లి దగ్గర మా ఇంట్లో పూటకు పాతిక విస్తళ్ళు లేచేవి. ఆ రోజులు పోయాక, ఇంకొకరి గుమ్మంలో ఆకలిగా కనబడటం తప్పని మాకు చెప్పారు. నేను ఇప్పటికీ తప్పనే అనుకుంటాను. కాకపోతే ఆ మాట అన్నప్పుడల్లా మా మేనత్త గుర్తొస్తుంది.

భర్త పోయాక ఆవిడ బందరులో మేము అద్దెకున్న రెండు గదుల ఇంట్లోనే ఉండేది. భారీ మనిషి. ఆవిడ రిక్షా ఎక్కితే పక్కన చీపురుపుల్లకు కూడా చోటుండేది కాదు. డెబ్బై అయిదు దాటాక సన్నబడటం మొదలుపెట్టింది. మోకాళ్ళకు సుఖమని నేను సంతోషించాను. "జాకెట్లకు మూడోసారి లోపలికి కుట్లు వేయించానండీ. నాకేదో తేడాగా ఉంది" అంది మా ఆవిడ. "మా వంశంలో పెద్దవయసులో అందరూ సన్నబడతారు" అన్నాను. నిజానికి మా నాన్నగారు పోయేదాకా బొజ్జతోనే ఉన్నారు. వంశం మాట ఎత్తితే మా ఆవిడ ఇంక వాదించదని అలా అన్నాను.

మేమిద్దరం బడిలో పనిచేసేవాళ్ళం. పొద్దున్నే వండి, అత్తయ్యకు అన్నం, కూర, మజ్జిగ బల్ల మీద పెట్టి వెళ్ళేవాళ్ళం. సాయంత్రానికి గిన్నెలు కడిగి బోర్లించి ఉండేవి. "తిన్నావా?" అంటే "ఎప్పుడో" అనేది, తడుముకోకుండా. తాళంచెవి ఎక్కడ పెట్టిందో మరచిపోవడం, అప్పుడప్పుడు నన్ను మా నాన్నగారి పేరుతో పిలవడం, ఇవన్నీ వయసు మీదికి తోసేశాం.

చివరికి మా ఆవిడ పంతం పట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. బరువు చూసే మిషను ఎక్కమంటే అత్తయ్య, "నేనేమన్నా బియ్యం బస్తానా, తూయడానికి?" అంది. రెండేళ్ళ కిందటి చీటీతో పోలిస్తే పద్నాలుగు కిలోలు తగ్గింది. మతిమరుపు ఉందా అని డాక్టరుగారు అడిగారు.

"బరువుకీ మతిమరుపుకీ ఏమిటండీ సంబంధం?" అన్నాను కాస్త కటువుగా.

"ఉంటుందండీ. కొందరిలో మతిమరుపు మన కంట పడకముందే ఒళ్ళు తగ్గుతుంది. ఆవిడ తింటుండగా మీరెవరైనా చూశారా?"

రాత్రి మాతో కూర్చుని రెండు ముద్దలు తినడం చూశాం. మధ్యాహ్నం తినడం చూడలేదు. మర్నాడు సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. పన్నెండింటికి ఇస్త్రీ బట్టలు తెచ్చే ఆవిడ వచ్చింది. అత్తయ్య లేచి గిన్నెలో అన్నమంతా ఆవిడకు పెట్టి, దగ్గర కూర్చుని మారు వడ్డించి, గిన్నెలు కడిగేసింది.

వెళ్ళేటప్పుడు గేటు దగ్గర అడిగితే ఇస్త్రీ ఆవిడ బెదిరిపోయింది. "రోజూ పెడతారండి. వద్దన్నా వినరు. అందరం తిన్నాక మిగిలిందేనే, తిను అంటారు. పెద్దింటి అమ్మగారు కదాని తింటన్నానండి." ఆ ఏడాదిలో ఆవిడ కాస్త ఒళ్ళు చేసిన సంగతి నాకప్పుడు కనబడింది. అత్తయ్య లెక్కలో, చల్లపల్లి ఇంట్లోలాగే, పాతిక విస్తళ్ళూ లేచిపోయాయి. తన భోజనమూ అయిపోయింది.

"తిను అత్తయ్యా" అంటే, "ఇప్పుడే తిన్నానురా" అంది. గట్టిగా చెబితే, అబద్ధమాడానన్నట్టు ముఖం ముడుచుకుంది. రెండు రోజులు అదే వరస. రెండు రోజులూ మధ్యాహ్నం మజ్జిగతోనే సరిపెట్టింది. మూడోరోజు, బుద్ధెరిగాక ఎన్నడూ అనని మాట అన్నాను.

"అత్తయ్యా, ఆకలేస్తోంది. ఒక్కణ్ణీ తినలేను."

"సిగ్గులేదట్రా? ఎవరన్నా వింటే?" అంటూనే రెండు కంచాలు పెట్టింది. నాకు వడ్డించి, తనూ కలుపుకుంది.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం స్కూటరు మీద ఇంటికొచ్చి ఆ మాట అనేవాణ్ణి. ఇస్త్రీ ఆవిడకు విడిగా వండి పెట్టేవాళ్ళం. నాలుగు నెలల్లో అత్తయ్య మూడు కిలోలు పెరిగింది. మతిమరుపు తగ్గలేదు. నా పేరు పోయింది, తరవాత వరస కూడా పోయింది. అయినా ఆకలన్నవాడికి కంచం పెట్టి, తోడుగా తనూ కూర్చునేది. అలా గడిచిన నాలుగేళ్ళు నాకు ఏళ్ళుగా గుర్తు లేవు, పూటలుగా గుర్తున్నాయి. ఆవిడకు మాత్రం ప్రతి పూటా మొదటిదే.