కారం వాసనేసే ఫోను

పండుమిరపకాయలకు తొడిమలు తీసి, తడిగుడ్డతో ఒక్కొక్కదాన్నీ తుడిచి, చింతపండూ ఉప్పూ దగ్గర పెట్టుకుని పచ్చడికి కూచున్నప్పుడే ఈ ఫోన్లు వస్తాయి. మొన్న ఆదివారమూ అంతే. చేతులు మణికట్ల దాకా మండుతున్నాయి. రెండు వేళ్లతో ఫోను ఎత్తి చెవికీ భుజానికీ మధ్య ఇరికించాను.

"మేడం, సునీత గారు మీకేమవుతారు?"

"నా జాకెట్లు కుడుతుంది."

"ఆవిడ మా యాప్‌లో లోను తీసుకుని మీ నంబరిచ్చారు మేడం. కట్టట్లేదు. మీరొకసారి షాపుకెళ్లి అందరి ముందూ గట్టిగా అడగండి. లేకపోతే మీ వీధిలో అందరికీ మేమే ఫోన్లు చేస్తాం. ఆవిడ ఫోనులో ఉన్న నంబర్లన్నీ మా దగ్గరున్నాయి."

సునీత మా వీధి చివర కుట్టుమిషను పెట్టుకుని ఇద్దరు ఆడపిల్లల్ని చదివించుకుంటోంది. పట్టుచీరల తాలూకు ముక్కలు ఆమె చేతిలో పెట్టి నిశ్చింతగా ఇంటికెళ్లే ఈ వీధి ఆడవాళ్ల నమ్మకమే ఆమె పెట్టుబడి. అది పోయిన రోజున మిషను మూత పడుతుంది. వాడికి గట్టిగా నాలుగు తగిలిద్దామని నోరు తెరిచాను, మామూలుగా నా నోరు ఆలస్యం చెయ్యదు. ఇంతలో వేలి కారం ఫోనుకు అంటి చెవి కింద చురుక్కుమంది. ఆ మంట నాకు కొత్తది కాదు.

పర్చూరు పక్కన మా ఊళ్లో, చర్చి వెనక మా పేటలో, మా ఇంటి ఫోనెప్పుడూ ఇలాగే మండేది. నాన్న హెడ్‌మాస్టరు. ఆయన అర్జీ పెట్టుకున్న ఫోను వచ్చేసరికి నేను పుట్టి మూడో తరగతికొచ్చాను. ఊరంతటికీ అదొక్కటే ఫోను కావడంతో అందరూ చుట్టాలకూ కొట్లవాళ్లకూ మా నంబరే ఇచ్చుకున్నారు. మాఘమాసం వచ్చిందంటే ఊరి చుట్టూ కళ్లాల్లో ఎర్ర దుప్పట్లు పరిచినట్టు మిరపకాయలు ఎండేవి, గాలి తిరిగినప్పుడల్లా బడిలో పిల్లలందరం ఒకేసారి తుమ్మేవాళ్లం, సాయంత్రాలు కోతల నుంచి వచ్చిన ఆడవాళ్లు అదే చేతులతో మా రిసీవరు పట్టుకుని మాట్లాడుతూ ఉండేవాళ్లు. నాయనమ్మ దానికి లేసు గుడ్డ అల్లి కప్పింది, రోజుకు రెండుసార్లు కొబ్బరినూనె రాసి తుడిచేది, అయినా మేం చెవికి ఆనించుకుంటే కళ్లలో నీళ్లే. క్రిస్మస్‌కి కజ్జికాయలు చేసిన చేతుల్తో పట్టుకున్న నాలుగు రోజులూ మాత్రం నెయ్యి వాసన వేసేది.

నాయనమ్మ రిటైరైన టీచరు. ఊరి వాళ్లలో సగం మంది చెవులు ఆమె మెలిపెట్టినవే. ఫోనులో కూడా అబద్ధం ఆడేది కాదు. ఇంట్లో ఉన్నవాణ్ని లేడని చెప్పదు. పురుగుమందుల కొట్టాయన బాకీల కోసం ఫోను చేస్తే, "భోంచేశావా నాయనా? ఏం కూర? మీ అమ్మ మోకాళ్లెట్లా ఉన్నాయి?" అని మొదలుపెట్టేది. అవతల మీటరు తిరుగుతుంటే ఆయన వంకాయ కూర దగ్గర్నించి వాళ్లమ్మ మోకాళ్ల దాకా వచ్చి, అసలు సంగతి సగంలోనే మింగి పెట్టేసేవాడు. ఆ రోజుల్లో అప్పులవాళ్లు మర్యాదస్తులని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఈ కొట్టాయనే సంతలో రైతుని పట్టుకుని అందరి ముందూ కడిగేసేవాడు. కాకపోతే అతని పేరేమిటో, ఎవరి కొడుకో అందరికీ తెలుసు, వాళ్లమ్మ మోకాళ్ల సంగతి మా నాయనమ్మకు తెలుసు.

ఫోనొస్తే మనుషుల్ని పిలుచుకొచ్చే పని నాది. పిలవడానికీ ఒక పద్ధతుండేది. ఎవరు చేశారో ఎక్కణ్నించో వీధి మొదట్లోనే కేకేసి చెప్పాలి. "చిలకలూరిపేట నుంచి మీ అల్లుడు" అంటే అత్తగారు కొంగు దోపుకుని పరిగెత్తుకొచ్చేది, ఆ పరుగులోనే ఆమె సంతోషం సగం అయిపోయేది. తొక్కుడుబిళ్ల మధ్యలో ఒంటికాలి మీద ఉన్నా సరే, ఆ కాలి మీదే నిలబడి కేకేసేదాన్ని. నా గొంతంటే నాకు చాలా గర్వం.

ఉగాది ముందు ఒక సాయంత్రం కోటయ్య మా అరుగు మీద కూచున్నాడు. ఊళ్లో పొలమున్నవాళ్లు మా పేటలో కాలు పెట్టేది ఓట్లప్పుడూ, ఫోను కోసమూ. అతను నాయనమ్మ దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాడు, గుంటూరు యార్డు నుంచి మిర్చి ధర గురించి రావలసిన ఫోను కోసం చూస్తున్నాడు. అతని రెండెకరాలు మా ఎదురింటి మార్తమ్మ పిన్ని కౌలుకు చేస్తోంది. ఆ ఏడు పత్తికి పురుగు పట్టింది. ఉగాదికి కౌలు మళ్లీ రాసుకోవాలి. ఆ రెండెకరాలూ చెయ్యి జారితే పిన్ని మళ్లీ కూలికే పోవాలి.

ఫోను మోగింది. నేనెత్తాను. కొట్టాయన. నేను వీధిలోకి పరిగెత్తి, ఉన్న ఊపిరంతా పెట్టి, "మార్తమ్మ పిన్నీ, పురుగుమందుల కొట్టాయన, బాకీ ఎప్పుడు కడతావని ఫోను" అని కేకేశాను. చాట పట్టుకుని గుమ్మంలో ఉన్న పిన్ని నన్ను చూడలేదు, అరుగు మీది కోటయ్యను చూసింది. చాట పట్టుకునే లోపలికి వెళ్లిపోయింది.

నేను అరుగు దగ్గరికి వచ్చేసరికి కోటయ్య గొంతు తగ్గించి అంటున్నాడు. "ఆమెకి బయట బాకీలున్నాయంట గదా టీచరమ్మగారూ. పొలం ఇంకెవరికన్నా ఇద్దామా అని."

నాయనమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తలేదు. "కోటయ్యా, నీ ఫోన్లూ ఈ ఇంటికే గదా వచ్చేది."

"అవునండి."

"ఈ కొట్టాయన నీకు కూడా చేస్తాడు గదా. మొన్న సంక్రాంతి ముందర చేశాడు, దాని ముందు రెండుసార్లు చేశాడు. ఏమన్నాడో నాకు గుర్తుంది. నేనెవరికన్నా చెప్పానా?"

కోటయ్య కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. మిర్చి ఘాటన్నాడు. యార్డు ఫోను రాకుండానే లేచాడు. లేచి, ఎదురింటి గుమ్మం ముందు ఆగి, "మార్తమ్మా, రేపు పొద్దున రా, కౌలు కాయితం రాసుకుందాం" అన్నాడు. వీధికంతా వినపడేటట్టే అన్నాడు.

అతను వెళ్లాక నాయనమ్మ నా చెవి పట్టుకుంది, కారం అంటిన చెవే. "ఇకనించి 'ఫోనొచ్చింది' అను. అంతే. అల్లుడైనా, అప్పైనా, చావైనా, ఫోనొచ్చింది. మిగతాది వాళ్లొచ్చి వింటారు." పేటవాళ్లు చాలా రోజులు గొణుక్కున్నారు, అల్లుడి ఫోనుకు పరిగెత్తే మజా పోయిందని. మార్తమ్మ పిన్ని మాత్రం ఆ కౌలు పొలంలో మొదటి కోత మిరపకాయలు మా గుమ్మంలో ఒక బుట్టెడు పెట్టి వెళ్లిపోయింది.

ఇంత దూరం వెళ్లొచ్చేసరికి అవతల ఇంకా "మేడం, మేడం" అంటున్నారు.

"భోంచేశావా నాయనా?" అన్నాను.

"ఏంటి మేడం?"

"ఏం కూర? మీ అమ్మ బాగుందా? నీ పేరేంటి, ఎవరబ్బాయివి?"

పెట్టేశాడు. పావుగంటకు ఇంకో నంబరు నుంచి ఇంకో గొంతు. అతనికీ అదే కూర, అదే అమ్మ. మూడో గొంతుకు మాత్రం మా నాయనమ్మలో లేనిది, నాలో ఉన్నది కొంచెం చూపించాను: "వీధిలో అరిచే పని నాకు పదేళ్లప్పుడే మానిపించారు. నువ్వు వీధంతా ఫోన్లు చేసుకో. ఇంటింటికీ నీకంటే ముందు నేనెళ్లి, ఎవడో అబద్ధాలకోరు ఫోను చేస్తాడు, ఎత్తొద్దని చెప్పొస్తా. ఈ నంబర్లు మూడూ రాసుకున్నా, రేపు స్టేషన్లో ఇస్తా." ఇచ్చాను కూడా. ఇప్పటికి మళ్లీ మోగలేదు.

ఇప్పుడా ఇల్లు లేదు, లేసు గుడ్డ లేదు, వీధి మొదట్లో కేకేసే పిల్ల లేదు. ఇంటికి నాలుగు ఫోన్లున్నాయి, ఒక్కటీ కారం వాసన వెయ్యదు. చేసేవాడికి ఊరూ లేదు, మోకాళ్ల నొప్పుల అమ్మా లేదు, ఉన్నా చెప్పడు.

పచ్చడి ఒక సీసాలో పెట్టుకుని సునీత షాపుకు వెళ్లాను. బల్ల మీద ముగ్గురు కూచుని ఉన్నారు. నన్ను చూడగానే మిషను ఆగింది. సునీత మొహం చూస్తే నా నంబరిచ్చిన సంగతి ఆమెకు గుర్తున్నట్టే ఉంది.

"ఫోనొచ్చింది," అన్నాను సీసా బల్ల మీద పెడుతూ. "మాట్లాడాను."

"ఎవరండీ?" అంది బల్ల మీదావిడ.

"నాకొచ్చింది లెండి."

సునీత తల వంచుకుని మిషను తొక్కడం మొదలుపెట్టింది. అప్పు తీరిందా అంటే నాకు తెలియదు, అడగలేదు. మూడు వారాలుగా రేపు రేపంటున్న నా జాకెట్టు మాత్రం ఆ సాయంత్రమే కుట్టి తెచ్చి ఇచ్చింది.