వదిన చేతిలో ప్లేటు

మా వదిన సువార్త గురించి రాప్తాడులో ఒక మాట తిరుగుతోంది. సముద్రం ఒడ్డున పెద్ద రిసార్టులో ఊరికే తిండి పెడుతున్నారని ప్లేటు మీద ప్లేటు తింటూ నిలబడిందట. ఆ తిండి ధ్యాసలో కన్నబిడ్డ నీళ్ళలో మునిగిపోతుంటే కూడా చూసుకోలేదట.

ఈ మాట నేను మొదట విన్నది ట్యాంకర్ దగ్గర. బిందె పట్టుకుని వరసలో నిలబడి ఉన్నాను. నాకు ముందు మూడో మనిషి సుబ్బలక్ష్మమ్మ. వెనక నేను ఉన్నది ఆమె చూసుకోలేదు.

"ఫోటో నేను చూసినా కదమ్మే," అంటోంది. "మావాని ఫోన్లోకే వచ్చింటే. ప్లేటు నిండా కుప్ప పోసుకోనుండాది. పండ్లన్నీ బయటపెట్టి నగుతాండాది. అదే టయానికి ఆడ బిడ్డ పాయ."

"యా తల్లికన్నా బిడ్డ కంటే తిండి ఎక్కువైతాదా అత్తా?" అంది ఇంకొకామె.

"ఊరికే పెడితే అయితాది. ఆడ ఏమేం పెట్టినారో మనకేం తెల్సు!"

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఖాళీ బిందెతో వరసలోంచి బయటికి వచ్చేశాను. నీళ్ళు ఎందుకు తేలేదని వదిన అడగలేదు. తొట్టి అడుగున మిగిలిన వాటితోనే వంట చేసింది.

ఫోటో నిజమే. అందులో ఉన్నది వదినే. ప్లేటు నిండుగా ఉన్న మాట కూడా నిజమే.

వదినది నల్లమాడ దగ్గర ఒక పల్లె. వాన పడిన ఏడు చెనిక్కాయ పంట, పడని ఏడు కూలి. ఏడో తరగతితో బడి మానేసింది. నేను తొమ్మిదిలో మానేశాను కాబట్టి ఇంట్లో పెద్ద చదువు నాదేనని నన్ను ఏడిపించేది. మా అన్న ఇమ్మానుయేల్ టైల్స్ మేస్త్రీ. పెళ్ళయిన మరుసటి నెల నుంచే వదిన అన్నతో పనికి వెళ్ళింది. అన్న టైల్స్ పరుస్తూ ముందుకు పోతాడు, వదిన వెనకే కూర్చుని సందుల్లో తెల్ల సిమెంటు నింపి బొటనవేలితో ఒత్తుకుంటూ వస్తుంది. అలా ఒత్తి ఒత్తి వేలిముద్రలు అరిగిపోయాయి. రేషన్ షాపులో మిషన్ మీద ఆమె వేలు పెడితే మిషన్ ఒప్పుకోదు. "నేను మనిషినే లేప్పా, నమ్ము," అని డీలరును నవ్వించేది.

ఆరేళ్ళు పిల్లలు లేరు. తర్వాత సారా పుట్టింది, ఏడో నెలలోనే. అనంతపురం పెద్దాసుపత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. ఆ పెట్టె దగ్గర నిలబడి వదిన ఒక మొక్కుబడి చేసుకుంది. బిడ్డ బతికితే, ఏటా ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాల్లో ప్రతి శుక్రవారం పొద్దు మునిగేదాకా ఉపవాసం ఉంటానని. మంచినీళ్ళు కూడా తాగనని. సారా బతికింది. వదిన మాట తప్పలేదు. మార్చి ఎండలో టైల్స్ పని చేస్తూ కూడా శుక్రవారం గుక్కెడు నీళ్ళు తాగేది కాదు.

మా ఇంటి వెనక సిమెంటు తొట్టి ఉంది. కొళాయి నాలుగు రోజులకొకసారి వస్తుంది, ఎండాకాలం అదీ రాదు. తొట్టిలో ఎప్పుడూ మోకాలి లోతుకు మించి నీళ్ళు ఉండవు. సారా అందులో దిగి ఆడుకునేది. పొలాల్లో తవ్విన నీటికుంటల్లో మాత్రం వానలప్పుడు ఎర్రనీళ్ళు నిలుస్తాయి, వాటి లోతు ఎవరికీ తెలియదు. అందుకని అన్న సారాకు నడక వచ్చినప్పటి నుంచీ ఒకటే నేర్పాడు. "అడుగు కనపడకపోతే దిగొద్దు పాపా. కనపడితే భయం ల్యా." మా నాయన మాకు నేర్పింది కూడా అదే. మాలో ఎవరికీ ఈత రాదు. నేర్చుకోవడానికి నీళ్ళెక్కడివి?

నిరుడు మార్చిలో, ఒంటిపూట బళ్ళు మొదలైన వారం, టైల్స్ గమ్ అమ్మే శేషయ్య అన్నకు ఫోన్ చేశాడు. గమ్ బస్తాల్లో వచ్చే కూపన్లను అన్న రెండేళ్ళుగా బిస్కెట్ డబ్బాలో దాచి ఆయన షాపులో ఇచ్చేవాడు.

"ఏమప్పా మేస్త్రీ, నీకు టూరు తగిలింది!"

"నాకా? ఎవురి పేరో చూసి చెప్పు శెట్టీ."

"నీ పేరే. గోవా పక్క, సముద్రం ఒడ్డున రిసార్టు. మూడు రోజులు, ఇంటికి నలుగురు. తిండి, పడవ, ఆటలు, అంతా కంపెనీదే. చేతికి పట్టీ కడతారు. అది చూపిచ్చితే యాడా దుడ్లు అడగరు."

అన్న చెల్లెలిని, మా ఇంట్లో నాలుగో మనిషిని నేనే. అలా నేను కూడా వెళ్ళాను.

వదిన మొదట ఒప్పుకోలేదు. "శ్రమ దినాల్లో టూరేందబ్బా," అంది. పాస్టరు యేసన్నను అడిగింది. "సముద్రం చేసింది గూడా ఆయనే కదమ్మా. బిడ్డకు చూపిచ్చుకోని రాపో," అన్నాడాయన. అప్పటికే సారా మూడో తరగతి మొత్తానికీ చెప్పేసింది. సముద్రపు నీళ్ళు తెస్తానని నలుగురికి మాట ఇచ్చి నాలుగు ఖాళీ సీసాలు సంచిలో పెట్టుకుంది.

పదిమంది మేస్త్రీల కుటుంబాలతో బస్సు గురువారం సాయంత్రానికి అక్కడికి చేరింది. ద్వారం దగ్గరే అందరి చేతులకూ నీలం పట్టీలు కట్టారు. దారి పొడుగునా కొబ్బరిచెట్లు, ఎవరూ తొక్కని పచ్చగడ్డి, ఆ గడ్డి మీద నీళ్ళు చల్లుతూ తిరిగే పైపులు. సారా ఆ పైపు దగ్గరే నిలబడిపోయింది.

"మా, ఈ నీళ్ళు ఎప్పుడు నిలిచిపోతాయి?"

"నిలిచిపోవంట పాపా."

"రేపు గూడా వస్తాయా?"

"వస్తాయంట."

"మనూరికి పైపేస్తే?"

"ముందు నువ్వు పెద్ద ఇంజినీరువు కాపో, అప్పుడేద్దువు," అంది వదిన.

రాత్రి గదిలో బకెట్ కోసం వెతికింది. లేదు. ఐసు ముక్కలు పెట్టుకునే డబ్బా కనబడితే దాన్ని షవర్ కింద పెట్టి, వేడినీళ్ళు వచ్చేదాకా ఊరికే కారే చల్లనీళ్ళు పట్టింది. ఆ నీళ్ళతో సారా గౌను జాడించింది. అన్న మంచం మీద పడుకుని పకపకా నవ్వాడు. "నిన్ను సొర్గానికి తీసకపోయినా బిందెతోనే వస్తావే!" వదిన తడిచేత్తో అతని మొహం మీద నీళ్ళు చిలకరించింది. వాళ్ళిద్దరూ అలా నవ్వుకోగా నేను చూసింది అదే ఆఖరు.

మరుసటి రోజు పొద్దున సముద్రం చూశాం. సారా సీసాలు నింపుకుంది. మధ్యాహ్నం అవుతుండగా ఎండ ఎక్కువైందని స్విమ్మింగ్ పూల్ దగ్గరికి వచ్చాం. అన్నింటికంటే అదే అన్నకు నచ్చింది. అడుగంతా చిన్న చిన్న నీలం టైల్స్. గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని సందు మీద వేలుపెట్టి చూశాడు. "చూడు మే, యాడా వెంట్రుకంత తేడా ల్యా. ఎవురు పరిచినారో, చేతులకు దండం పెట్టాల," అన్నాడు నాతో.

"నాయనా, దిగుదునా?" అంది సారా.

అన్న నీళ్ళలోకి చూశాడు. అడుగున ఒక్కొక్క టైలూ లెక్కపెట్టుకునేంత తేటగా ఉంది.

"దిగు పాపా. అడుగు కనపడతాండాది కదా."

సారా దిగింది. ఆ పక్క నీళ్ళు ఆమె నడుము దాకా వచ్చాయి. రెండు చేతులతో నీళ్ళు ఎగజిమ్మింది. పోను పోను అడుగు వాలిపోతూ ఆ చివర ఇద్దరు మనుషుల లోతు ఉంటుందని మాకు తెలియదు. గట్టు మీద ఏవో అంకెలు రాసి ఉన్నాయి. నేను చూశాను. టైల్స్ సైజులనుకున్నాను.

"మా, నాకు అనాస ముక్కలు కావాల. నూడుల్సూ కావాల. అదో ఆ తెల్లగుండేది గూడా," అని నీళ్ళలోంచే కేకవేసింది.

"అన్నీ తెస్తా, ఈడ్నే ఉండు," అని వదిన భోజనాల పందిరి వైపు వెళ్ళింది. నేను పొడిగౌను తేవడానికి గదికి వెళ్ళాను. అన్న గట్టు వెంట నడుస్తూ అవతలి మూల టైల్స్ చూడడానికి పోయాడు. అక్కడ ఇంకో మేస్త్రీ కలిస్తే గమ్ రకాల గురించి మాటల్లో పడ్డాడు.

పందిరిలో కంపెనీ కుర్రాడు అందరి ఫోటోలూ తీస్తున్నాడు. "అక్కా, ఈ పక్క చూడండి," అన్నాడట. వదిన ప్లేటు పట్టుకుని చూసింది. అనాస ముక్కలు, నూడుల్స్, తెల్లటి పుడ్డింగు, ఒకదాని మీద ఒకటి. సారా అడిగినవన్నీ ఒకే ప్లేటులో పట్టించింది, రెండో ప్లేటు తీసుకుంటే ఏమంటారోనని. ఆ ఫోటో వెంటనే మేస్త్రీల గ్రూపులోకి వెళ్ళిపోయింది.

నేను గౌనుతో తిరిగి వచ్చేసరికి జనం గుంపుగా ఉన్నారు. తడిసిన మనిషి ఎవరో సారాను గట్టు మీద పడుకోబెట్టి గుండె మీద ఒత్తుతున్నాడు. అన్న పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు, ఇందాక టైల్స్ చూసినట్టే. వదిన ప్లేటు కింద పెట్టకుండానే పరుగెత్తుకొచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ సారా చేతి పట్టీని కత్తెరతో కత్తిరించి నా చేతికిచ్చారు.

సమాధి చేసిన మూడో రోజు అన్న కనబడలేదు. వదిన వెతుక్కుంటూ పోయి, ఊరిబయట ఎండిపోయిన పాతబావి గట్టు మీద పట్టుకుంది. నేను వెనకే పరుగెత్తాను.

"నేనే చెప్పినా సువార్తా. దిగు అని నేనే చెప్పినా," అంటున్నాడు అన్న. "నా నోటితోనే చెప్పినా."

వదిన అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఆ మాట ఇంగ యాడా అనొద్దు. నాకు బిడ్డ పాయ. నువ్వు గూడా పోతే నేను ఎవుర్ని చూసుకోని బతికేది?" తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు గూడా ఎవురికీ చెప్పద్దు మే," అంది. నేను తల ఊపాను.

ఆ తర్వాత ట్యాంకర్ దగ్గర ఆ మాట పుట్టింది. చర్చి మెట్ల మీదికి, శేషయ్య షాపులోకి, నల్లమాడలో వదిన పుట్టింటి దాకా పోయింది. వాళ్ళ అమ్మే ఫోన్ చేసి, "ఏం తింటివే అంతగా?" అని అడిగింది. వదిన ఫోన్ పెట్టేసి చీపురు తీసుకుంది. తను తప్పు చేయలేదంటే, మరి పూల్ దగ్గర ఎవరున్నారని అడుగుతారు. అందుకని ఎవరేమన్నా వింటూ ఉండిపోయింది. తన పేరు పోయినా పర్వాలేదు, ఇంట్లో మనిషి ఉండాలి, అంతే ఆమెకు కావలసింది.

ఈ ఏడాది మళ్ళీ శ్రమ దినాలు వచ్చాయి. మొదటి శుక్రవారం వదిన మా ఇద్దరికీ రాగిసంగటి చేసి పెట్టి తను గోడకు ఆనుకుని కూర్చుంది.

"నువ్వు తినవా?" అన్నాడు అన్న.

"శుక్రారం కదా."

"ఇంగ ఎవురికోసమే?"

అన్న ముద్ద పళ్ళెంలోనే వదిలేసి లేచిపోయాడు.

ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక అన్న లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ అలా నిలబడి మాట్లాడినవాడు కాదు. "నా బిడ్డను నీళ్ళల్లో దిగమన్నది నేను. లోతు చూడలేదు నేను. నా పెండ్లాన్ని ఏమీ అనద్దండి," అన్నాడు. యేసన్న వచ్చి భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆడవాళ్ళ వరసలో వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అతన్నే చూస్తోంది.

బయటికి వచ్చేటప్పుడు మెట్ల దగ్గర ఎవరో అన్నారు. "ఎంత మంచోడప్పా. పెండ్లాం చేసిన తప్పు నెత్తినేసుకుంటాండాడు."

అంటే అన్న చెప్పినా ఆ మాట ఆగలేదు. ఇంకా పెరిగింది. నాకు నలుగురిలో నోరు పెగలదు, సుబ్బలక్ష్మమ్మ ముందు అసలే పెగలదు. ఇప్పుడు దాచడానికి కూడా ఏమీ లేదు కాబట్టి రాస్తున్నాను.

ఆ ఫోటో తీసింది శుక్రవారం. పొద్దున లేచినప్పటి నుంచీ వదిన మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు.