నాట్లకు ముందు దిగిన బాతులు

ఆ ఏడాది యాసంగి వరికి నేను నారు రెండుసార్లు పోయాల్సి వచ్చింది. మొదటిసారి పోసిన నారు చలికి పసుపుపచ్చగా మారి, వేలితో తాకితే ఊడివచ్చేంతగా చచ్చిపోయింది. వర్ని చుట్టుపక్కల చాలామందికి అదే జరిగింది. పైకాలువ కింద ఉన్నవాళ్ళు మాత్రం ఎవరి దగ్గరో మిగిలిన నారు తెచ్చుకుని సర్దుకున్నారు. మా రెండెకరాలు కాలువ చిట్టచివర ఉన్నాయి. అక్కడికి ఏదైనా ఆలస్యంగానే వస్తుంది, నిజాంసాగర్ నీళ్ళతో సహా. నేను మళ్ళీ విత్తనాలు నానబెట్టి, మొలకలు వచ్చాక బోరు పక్కనున్న చిన్న మడిలో చల్లాను.

మా ఇంట్లో వ్యవసాయం నాది. నా భర్త నిజామాబాద్ డిపోలో బస్సు నడుపుతాడు. డ్యూటీ లేని రోజు పొలానికి వస్తే "ఏం చెయ్యాల్నో చెప్పు" అని నన్నే అడుగుతాడు. మొదట్లో ఇది ఊళ్ళో వింతగా ఉండేది. ఇప్పుడు కాలువ నీళ్ళ వంతు వచ్చినప్పుడు కూడా నాకే ఫోన్ చేస్తారు.

శివరాత్రికి పది రోజుల ముందు ఆ ఫోన్ వచ్చింది. నారు ఇంకా నాటుకు రాలేదు. అయినా చివరి పొలానికి నీళ్ళు వస్తుంటే ఇప్పుడొద్దు అంటామా? రెండెకరాలూ నిండా పెట్టి, ట్రాక్టరుతో బురద కలిపి కరిగెట చేయించి, గట్లు సరిచేసుకున్నాను. నారు ఎదిగేదాకా బోరు నీళ్ళతో తడి ఆరకుండా చూసుకుంటే చాలనుకున్నాను. చుట్టూ అందరి నాట్లూ అయిపోయి పచ్చగా తిరిగాయి. నడుమ మాదొక్కటే ఖాళీ నీళ్ళు.

మూడో రోజు పొద్దున స్కూటీ దిగి గట్టు మీదికి వచ్చేసరికి నీళ్ళలో ఏవో కదిలాయి. ముందు కొంగలనుకున్నాను. కొంగలకు అంత ఒళ్ళుండదు. బూడిదరంగు దేహాలు, తెల్లటి తలలు, ఆ తలల వెనక అడ్డంగా రెండు నల్లటి గీతలు. ముక్కులూ కాళ్ళూ పసుపుపచ్చగా ఉన్నాయి. మెడలు పొడవుగా చాచి అన్నీ ఒకేసారి నా వైపు చూశాయి. నేను కదల్లేదు. కొంతసేపటికి నన్ను లెక్కలోంచి తీసేసి మళ్ళీ బురదలో ముక్కులు పెట్టాయి.

అంత పెద్ద అడవి బాతులను నేనెప్పుడూ దగ్గరగా చూడలేదు. చలికాలంలో డ్యామ్ వైపు గుంపులుగా ఎగిరిపోతుంటే కింది నుంచి అరుపులు వినడమే తప్ప. సంతోషం పట్టలేక నా భర్తకు ఫొటో పంపాను. ఆ తర్వాత నారుమడి వైపు నడిచి, అక్కడే నిలబడిపోయాను. ఎడ్లబండి పట్టేంత మేర నారు మొదళ్ళదాకా కొరికేసి ఉంది. బురద నిండా బాతుకాళ్ళ ముద్రలు. ఆ నారు పోతే మూడోసారి పోయడానికి కాలం లేదు. ఆ పంటకిక దండం పెట్టుకోవడమే.

పక్క పొలం పెద్దాయన అప్పటికే గట్టు దాటి వచ్చాడు. వాళ్ళ తండ్రి కోస్తా నుంచి వచ్చి ఈ కాలువ కింద భూమి కొన్నాడట. ఆయన పుట్టింది ఇక్కడే అయినా మాట మాత్రం ఇంకా వాళ్ళ వైపుదే. వాళ్ళ ఇంటి పిల్లలను చూసి మా ఊరివాళ్ళం కూడా ఆయన్ని బాబాయ్ అనడం అలవాటు చేసుకున్నాం.

"చూశావా అమ్మాయ్! వీటిని ఇలా వదిలేస్తే రెండు రోజుల్లో నారంతా మేసేస్తాయి. ఇవాళ నీది, రేపు నాది. నాలుగు టపాకాయలు పేల్చు, దెబ్బకి పోతాయి."

"ఏడికి పోతయి బాబాయ్?" అన్నాను. "లేసినయంటే చుట్టూ మీ పొలాలే ఉన్నయి. వాల్తే మీ వరిలనే వాల్తయి. నా నీళ్ళల్ల ఉండనియ్యిండ్రి. నారును నేను కాపాడుకుంట."

ఆయన తన పొలం వైపు చూశాడు, బాతుల వైపు చూశాడు. "అదీ నిజమేలే" అని గొణిగి, "కాపాడతావులే గానీ, ఎలా?" అన్నాడు.

ఎలాగో నాకు ఆ నిమిషంలో తెలియదు. అయినా చేయగలనని మాత్రం తెలుసు.

ఇంటికి వెళ్ళి మా అత్తకు చెప్పాను. మోకాళ్ళ నొప్పులతో ఆమె పొలం ముఖం చూసి చాలా రోజులైంది. అంతా విని, "పందులు రాకుంట మక్కచేను సుట్టూ చీరలు కడ్తరు గదా. గట్లనే కట్టు" అంది.

"గన్ని చీరలు ఏడికెళ్ళి తేవాలె అత్తమ్మా?"

ఆమె వెళ్ళి తన ఇనుప పెట్టె తెరిచింది. ఒక్కో చీర తీసి ఇది ఫలానా పెళ్ళిలో పెట్టింది, ఇది రంగు చూసి మోసపోయి కొన్నది అని చెబుతూ కుప్ప వేసింది. ఎర్ర అంచు చీర ఒకటి నేను పక్కకు తీయబోతే నా చేతిలోంచి లాక్కుంది. "మా ఆడిబిడ్డ పెట్టింది గది. కట్టిందీ లేదు, పారేసిందీ లేదు. తీస్కపో" అంది. ఆ తర్వాత తనే చెప్పులు వేసుకుని గడపలో నిలబడింది. "నన్ను గుడ బండి మీద కూసుండవెట్టుకో. కావలి నేనుంట."

ఆ మధ్యాహ్నం కట్టెలు పాతి నారుమడి చుట్టూ చీరలు కట్టాను. పైన కూడా అడ్డంగా నాలుగు వరసలు తాడు లాగి పాత పంచె ముక్కలు వేలాడదీశాను. బోరు దగ్గర వేపచెట్టు నీడలో అత్తకు కుర్చీ వేశాను. ఆమె స్టీలు పళ్ళెం, గంటె పట్టుకుని కూర్చుంది. బాతులు చీరల దగ్గరికి వస్తే పళ్ళెం కొట్టేది, నీళ్ళలోకి తిరిగి వెళ్ళిపోతే ఆపేసేది. మూడు రోజుల్లో అవి ఆ తేడా నేర్చుకున్నాయి. నారు జోలికి రావడం మానేశాయి. కరిగెటలో తేలిన గడ్డి వేళ్ళు, పాత వడ్లు ఏరుకుని తింటూ రోజంతా నీళ్ళలోనే ఉండేవి.

రోజూ పొద్దున్నే అత్త వాటిని లెక్కపెట్టేది. ముప్పై ఒకటి. ఒకరోజు ముప్పయ్యే వచ్చాయి. రెండోసారి లెక్కపెట్టినా ముప్పయ్యే. "కుక్క వట్టిందో ఏమో, పోయి సూడు" అని నన్ను రెండెకరాల చుట్టూ తిప్పింది. నేను బురదలో కూరుకుపోతూ మూడు గట్లు తిరిగాక, నాలుగో గట్టు చాటున తల రెక్కలో దూర్చుకుని పడుకున్నదొకటి కనిపించింది. నేను చెయ్యి ఊపి చూపిస్తే అత్త కుర్చీలోంచే పళ్ళెం ఒక్కసారి మోగించింది. అది కోపమో సంతోషమో నాకిప్పటికీ తెలియదు.

వారం తిరిగాక ఒక మధ్యాహ్నం ఇద్దరు మనుషులు మోటారు సైకిలు మీద వచ్చారు. మా వైపు వాళ్ళు కాదు. వెనక కూర్చున్నతని ఒళ్ళో గోనెసంచి, అందులోంచి వల కొస బయటికి వేలాడుతోంది.

"అక్కా, ఒక్క పూట వల ఏసుకుంటం" అన్నాడు బండి నడిపేవాడు. "నీ నారుకు పీడ పోతది. నాలుగు నీకే ఇస్తం."

"అద్దు. పోండ్రి."

"గవి నీయి గావు గదా?"

"మడి నాది. ఇందుల మిమ్ముల దిగమన్లే."

"బాతులను దిగమన్నవా మరి?" అని నవ్వాడు.

"అవి చెప్పకుంటనే వచ్చినయి. గని వల వట్టుకొని రాలే" అన్నాను.

వెనకవాడు అప్పటికే సంచి దింపి గట్టు మీద అడుగు పెట్టాడు. నేను అడ్డంగా నిలబడ్డాను. భయం వేయలేదని అనను. చుట్టుపక్కల పెద్దగా మనుషుల్లేని వేళ అది. కానీ నా గట్టు మీద నన్ను దాటి ఇంకొకరు నడవడం నాకు అసలు పడదు. అత్త కుర్చీలోంచి లేచి ఆగకుండా పళ్ళెం వాయించడం మొదలుపెట్టింది. ఆ చప్పుడికి పక్క పొలంలో మందు చల్లుతున్న బాబాయి తలెత్తాడు. గట్టు మీదున్న పార భుజాన వేసుకుని నీళ్ళలోంచే అడ్డంగా నడిచి వచ్చాడు.

"ఆవిడ వద్దంది కదా. ఇంకేంటి?" అన్నాడు. సెల్ తీసి బండి నంబరు ఫొటో తీశాడు. "ఫారెస్టు వాళ్ళకి పంపమంటారా, మీరే వెళ్తారా?"

వాళ్ళు సంచి ఎత్తుకుని వెళ్ళిపోయారు. దుమ్ము అణిగాక నేను అడిగాను: "వెళ్ళగొట్టుమన్నది మీరే గదా బాబాయ్?"

"వెళ్ళగొట్టమన్నాను. చంపమన్నానా?" అన్నాడు ఆయన, కాస్త కోపంగానే. అత్త ఆయనకు తన చాయ్ సగం పోసి ఇచ్చింది. ఆయన గట్టు మీదే గొంతుక్కూర్చుని తాగాడు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఈసారి నిజంగానే పోయింది. ఎండలు ముదిరి వారం తిరిగేసరికి నారు నాటుకు వచ్చింది. నాట్లు వేసే పన్నెండు మంది ఆడవాళ్ళు పొద్దున ఏడింటికల్లా దిగారు. బాతులు ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి. మమ్మల్ని చూడగానే లేచిపోతాయనుకున్నాను. లేవలేదు. మేం పడమటి గట్టు నుంచి నాటుకుంటూ వెనక్కి జరుగుతుంటే అవీ తూర్పుకు జరిగాయి. మేం పది అడుగులు వస్తే అవి పది అడుగులు పోయేవి. ఆడవాళ్ళకు మొదట నవ్వులాట, తర్వాత పందెం. ఏ వరస దగ్గర లేస్తాయో చూద్దామన్నారు.

సాయంత్రం నాలుగయ్యేసరికి తూర్పు మూలన నాలుగు గుంటల నేల మిగిలింది. ముప్పై ఒక్క బాతులూ ఆ మూలలో ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి.

నాట్ల గుంపును నడిపించే ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని నా వైపు చూసింది. "ఏం జెయ్యాలె? ఇంకో గంటల అయిపోతది."

"ఇయ్యాల్టికి చాలు. ఇడ్సిపెట్టుండ్రి" అన్నాను.

"పిట్టల కోసం నాటు ఆపిన ఆసామిని ఇప్పుడే సూస్తున్న!"

"గా మూల నేనే ఏసుకుంట రేపు."

ఆమె నవ్వుతూ చేతులు కడుక్కుంది. వెళ్ళేటప్పుడు మాత్రం పన్నెండు మందినీ పడమటి గట్టు చుట్టూ తిప్పి తీసుకుపోయింది.

మర్నాడు నేను వెళ్ళేసరికి మూల ఖాళీగా ఉంది. నీళ్ళ మీద ఈకలు, గట్టు మీద రెట్టలు. పది గంటలప్పుడు ఆకాశంలో చాలా ఎత్తున ఒక గుంపు ఉత్తరం వైపు పోతూ కనిపించింది. అవి మావేనో కావో అంత దూరం నుంచి చెప్పలేం. మావే అని అత్త ఖాయం చేసింది. ఆమె గట్టు మీద కూర్చుని నారు కట్టలు విసురుతుంటే నేనొక్కదాన్నే ఆ నాలుగు గుంటలూ నాటాను. నడుం పట్టేసింది కానీ మధ్యాహ్నానికి ముగించాను.

పైరు ఆలస్యమైందని ఊళ్ళో అందరూ భయపెట్టారు. తక్కువ రోజుల రకం కాబట్టి మృగశిర వానలకు ముందే కోత మిషను పొలంలో దిగింది. ఒకరోజు వెనక నాటిన మూల ఎక్కడుందో మిషను నడిపేవాడికి తెలియలేదు. వడ్లు రోడ్డు మీద ఆరబోసి, సాయంత్రానికి సంచుల్లోకి ఎత్తించి, నేను స్నానానికి వెళ్ళాను.